ఎక్స్‌ట్రాక్ట్‌కి ఏ సాల్వెంట్ వాడాలి? నీళ్ల నుంచి హెక్సేన్ దాకా

ఎండబెట్టిన నేలవేము ఆకు కిలో ఉంది. దాని సారాన్ని నిలవ ఉండేలా తీయాలి. సారాన్ని లాగే ద్రవమే సాల్వెంట్, తీసిన సారమే ఎక్స్‌ట్రాక్ట్. నీళ్లలో కాయాలా, స్పిరిట్‌లో నానబెట్టాలా, గ్లిజరిన్ సరిపోతుందా? నెట్‌లో వెతికితే దొరికే పరిశోధన పత్రాల్లో చాలాచోట్ల మిథనాల్ పేరు కనిపిస్తుంది. కానీ ఆ పత్రాలు రాసినవాళ్లు ఎవరికో తాగించడానికి సారం తీయలేదు. ఆకులో ఆండ్రోగ్రాఫోలైడ్ అనే చేదు పదార్థం ఎంతుందో మెషీన్ మీద కొలవడానికి తీశారు. కొలతకి పనికొచ్చే సాల్వెంట్ వేరు, కడుపులోకి వెళ్లేదానికి పనికొచ్చే సాల్వెంట్ వేరు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, ఆ తప్పుకి చూపు కూడా పోవచ్చు. అందుకే ఎందులో ఎక్కువ సారం దిగుతుందన్న ప్రశ్నని కాసేపు పక్కన పెట్టి, ప్రమాదం ఎక్కడెక్కడ ఉందో ముందు చూద్దాం.

## ఎంచుకునే ముందు చూడాల్సిన మూడు చోట్లు

గది. అర లీటరు ఇథనాల్ పూర్తిగా ఆవిరైతే సుమారు 210 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో ఆ ఆవిరి 3.3 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. అంటే ఆ అర లీటరు ఆరు ఘనమీటర్లకి పైగా గాలిని మండేలా మార్చగలదు. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న వంటగదిలో అది మూడో వంతు. హెక్సేన్‌కి 1.1 శాతమే చాలు కాబట్టి అర లీటరుతో అదే గదిలో దాదాపు సగం గాలి ప్రమాదకరం అవుతుంది.

పైగా ఈ ఆవిర్లు పైకి పోవు. ఇథనాల్ ఆవిరి గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, హెక్సేన్ ఆవిరి మూడు రెట్లు బరువు. నేల వెంట పాకి పక్కగదిలో పొయ్యినో, పూజగదిలో దీపాన్నో, ఫ్రిజ్ వెనక స్పార్క్‌నో వెతుక్కుంటాయి. గోడకి పైన బిగించిన మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వల్ల ఉపయోగం తక్కువ, దాని మోటారే స్పార్క్ ఇవ్వొచ్చు.

డబ్బా. సాల్వెంట్‌లో ఆవిరైపోని మలినాలన్నీ చివరికి మీ ఎక్స్‌ట్రాక్ట్‌లోనే మిగులుతాయి. 500 మి.లీ. ఇథనాల్ అంటే 395 గ్రాములు. అందులో ఆవిరి కాని పదార్థం 0.01 శాతమే అనుకున్నా 40 మి.గ్రా. ఆ 500 మి.లీ. నుంచి 20 గ్రాముల సారం వస్తే అందులో ఆ మలినం 2000 పీపీఎమ్‌కి (పది లక్షల వంతుల్లో 2000 వంతులకి) చేరింది. డబ్బాలో ఉన్నదానికి ఇరవై రెట్లు.

హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమ, అంటే మందుల ముడిసరుకు చేసే పరిశ్రమ, పెద్దది. ఒకసారి వాడి, మళ్లీ డిస్టిల్ చేసిన సాల్వెంట్లు తక్కువ ధరకి డ్రమ్ముల్లో అమ్మకానికి వస్తాయి. పెయింట్ తుడవడానికి అవి చాలు, తినేదానికి మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. ముందు ఏ రియాక్టర్‌లో ఏం కడిగారో బిల్లు మీద ఉండదు. 2018లో వల్సార్టన్ వంటి బీపీ మాత్రల్లో క్యాన్సర్ కారకాలని అనుమానమున్న నైట్రోసమైన్లు బయటపడ్డాక, అవి చేరే దారుల్లో తిరిగి వాడిన సాల్వెంట్ ఒకటని నియంత్రణ సంస్థలు గుర్తించాయి.

నోరు. తయారైన సరుకులో మిగిలిన సాల్వెంట్. మందుల విషయంలో చాలా దేశాలు అనుసరించే ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు ఖరారు చేసే అంతర్జాతీయ మండలి) మార్గదర్శకం సాల్వెంట్లని మూడు తరగతులుగా విడదీసింది. ఒకటో తరగతివి బెంజీన్, కార్బన్ టెట్రాక్లోరైడ్ వంటివి, వాడకూడనివి. రెండోవాటికి గట్టి హద్దులున్నాయి. మూడోవి కాస్త నెమ్మదైనవి.

| సాల్వెంట్ | మరిగే వేడి (°సె.) | ఫ్లాష్ పాయింట్ (°సె., సుమారు) | తరగతి | మందుల్లో హద్దు (పీపీఎమ్) |
|---|---|---|---|---|
| ఇథనాల్ | 78 | 13 | 3 | 5000 |
| ఐసోప్రొపైల్ ఆల్కహాల్ | 82 | 12 | 3 | 5000 |
| అసిటోన్ | 56 | మైనస్ 20 | 3 | 5000 |
| ఇథైల్ ఎసిటేట్ | 77 | మైనస్ 4 | 3 | 5000 |
| మిథనాల్ | 65 | 11 | 2 | 3000 |
| హెక్సేన్ | 69 | మైనస్ 22 | 2 | 290 |
| డైక్లోరోమీథేన్ | 40 | లేదు | 2 | 600 |
| క్లోరోఫాం | 61 | లేదు | 2 | 60 |

ఫ్లాష్ పాయింట్ అంటే ద్రవం పైన అంటుకునేంత ఆవిరి చేరడానికి చాలిన వేడి. పట్టికలో ఆ వరుసలోని ఒక్క అంకె కూడా మన గది వేడిని మించలేదు చూడండి. చివరి రెండూ తప్ప, మూత తీసిన క్షణం నుంచీ ఇవన్నీ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటాయి. "నేను వేడి చేయట్లేదు కదా" అన్న ధీమా పనికిరాదు.

చివరి వరుసలోని హద్దులు మందులకి. మసాలా దినుసుల ఓలియోరెసిన్లకి (ఘాటు, రంగు, వాసన ఉన్న చిక్కటి సారాలకి) అమెరికా పెట్టిన హద్దులు ఇంకా గట్టివి: అసిటోన్ 30, హెక్సేన్ 25, మిథనాల్ 50, ఐసోప్రొపైల్ 50 పీపీఎమ్. గుంటూరు మిర్చి, నిజామాబాద్ పసుపు ఓలియోరెసిన్‌గా ఎగుమతి చేయాలనుకునేవాళ్లు చూడాల్సింది ఈ అంకెలు.

## నీళ్లు

మంట భయం లేదు, విషం లేదు, ఖర్చు లేదు. చిక్కంతా నిలవ దగ్గరే. ఆయుర్వేద పద్ధతిలో ఒక వంతు మూలికకి పదహారు వంతుల నీళ్లు పోసి నాలుగో వంతుకి మరగకాస్తారు. అలా కాచిన కషాయం బయట ఉంటే ఆ రోజుకే, ఫ్రిజ్‌లో రెండు రోజులు. ఆ తర్వాత వాసన రాకపోయినా సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. చక్కెర కొంచెం కలిపితే నిలవ ఉంటుందనుకోవడం పొరపాటు. పల్చటి తీపి వాటికి మేత.

నేలవేములో చేదుకి మూలమైన ఆండ్రోగ్రాఫోలైడ్ నీళ్లలో తక్కువగా కరుగుతుంది. పసుపులో కర్కుమిన్ దాదాపు కరగదు. తిప్పతీగ, ఉసిరి, కరక్కాయ లాంటివాటికి నీళ్లు బాగా సరిపోతాయి. ఏ రోజుకారోజు కాచుకుని తాగే ఇంటికి ఇంతకన్నా క్షేమమైనది లేదు.

## ఇథనాల్

తినే, తాగే ఎక్స్‌ట్రాక్ట్‌ల్లో నీళ్ల తర్వాత మొదటి ఎంపిక ఇదే. నీళ్లతో ఏ పాళ్లలోనైనా కలుస్తుంది కాబట్టి మూలికని బట్టి బలం మార్చుకోవచ్చు. ఎండిన ఆకులకి 45 నుంచి 60 శాతం, గుగ్గిలం లాంటి, నీళ్లలో కరగని రెసిన్లకి 90 శాతం.

నేలవేముకి ఒక లెక్క: 100 గ్రాముల గరుకు పొడి, 500 మి.లీ. 60 శాతం స్పిరిట్, గాజు సీసా, రెండు వారాలు, రోజూ ఒకసారి కుదపాలి. మెత్తటి పొడి చేస్తే ఎక్కువ దిగుతుందనిపిస్తుంది గానీ వడపోత దగ్గర గుడ్డ మూసుకుపోయి సగం సారం ముద్దలోనే ఉండిపోతుంది. 95 శాతం స్పిరిట్‌ని 60కి దించాలంటే 632 మి.లీ. స్పిరిట్ తీసుకుని, చల్లారాక మొత్తం లీటరు అయ్యేదాకా నీళ్లు పోయాలి. కలిపినప్పుడు వేడెక్కుతుంది, చల్లారేసరికి కాస్త కుంచించుకుపోతుంది. అందుకే 368 మి.లీ. నీళ్లు కొలిచి పోస్తే లెక్క తప్పుతుంది. నిలవకి చివరి బలం కనీసం 20 శాతం, 25 ఉంటే నిశ్చింత. పచ్చి ఆకు వాడితే దాని నీరు కూడా లెక్కలోకి వస్తుంది: 100 గ్రాముల పచ్చి ఆకులో 80 గ్రాముల వరకు నీళ్లే.

ఇక అసలు సంగతి, ఏ ఇథనాల్? టింక్చర్‌లో, అంటే స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టిన సారంలో, సాల్వెంట్ ఆవిరై పోదు, డబ్బాలో ఉన్నదంతా నోట్లోకి వెళుతుంది. 60 శాతం టింక్చర్ రోజుకి 15 మి.లీ. తాగితే అందులో 9 మి.లీ. స్పిరిట్. ఆ స్పిరిట్‌లో ఒక్క శాతం మిథనాల్ ఉన్నా రోజుకి సుమారు 70 మి.గ్రా. లోపలికి పోతుంది. ఐసీహెచ్ రోజువారీ హద్దు 30 మి.గ్రా. ఐదు శాతం మిథనాల్ కలిపిన డినేచర్డ్ స్పిరిట్ అయితే ఆ హద్దుకి దాదాపు పన్నెండు రెట్లు. డినేచర్డ్ స్పిరిట్‌ని తాగకుండా చేయాలనే అందులో విషం కలుపుతారు. ఆ విషాన్ని మరగబెట్టో వడకట్టో తీయలేరు.

సర్జికల్ స్పిరిట్, హ్యాండ్ శానిటైజర్ కూడా ఇదే బాపతు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. "ఆల్కహాల్ 70 శాతం" అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన అది తాగే ఆల్కహాల్ కాదు. నాటుసారా కూడా వద్దు. దాని బలం, అందులో కలిసింది ఏమిటో కొలిచినవాళ్లు లేరు.

విషం కలపని గట్టి స్పిరిట్లయిన రెక్టిఫైడ్ స్పిరిట్‌కి గానీ ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్‌కి గానీ రాష్ట్ర ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి. ఇంటి కోసం కొద్దిగా చేసుకునేవాళ్లకి లైసెన్స్ దుకాణంలో దొరికే 42.8 శాతం వోడ్కా చాలు. పైన చెప్పిన 45 శాతానికి కాస్త తక్కువే అయినా ఎండిన ఆకులకి ఆ బలం సరిపోతుంది.

స్పిరిట్ ఆవిరి చేసి ముద్దగా మార్చాలనే ఆలోచన ఇంట్లో వద్దు. గ్యాస్ పొయ్యి మీదే కాదు, మంట కనిపించని ఇండక్షన్ మీద కూడా వద్దు, దాని లోపలి విద్యుత్ భాగాలు స్పార్క్ ఇవ్వొచ్చు. ఇథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కనబడదు కూడా. చెయ్యి కాలాకే తెలుస్తుంది. ఆవిరి చేయాల్సిందే అయితే వాక్యూమ్ డిస్టిలేషన్, అంటే రోటావ్యాప్ లాంటి మూసిన పరికరం కావాలి.

పిల్లలకి, గర్భిణులకి, మద్యం మానేసినవాళ్లకి, కాలేయ జబ్బున్నవాళ్లకి, మెట్రోనిడాజోల్ లేదా డైసల్ఫిరామ్ వాడుతున్నవాళ్లకి టింక్చర్ సరికాదు. వేడినీళ్లలో చుక్కలు వేస్తే ఆల్కహాల్ అంతా పోతుందనేది నిజం కాదు, కొంతే పోతుంది.

## గ్లిజరిన్, ప్రొపైలిన్ గ్లైకాల్

ఆల్కహాల్ వద్దనుకునేవాళ్లకి గ్లిజరిన్ దారి. తియ్యగా ఉంటుంది, అంత తేలిగ్గా అంటుకోదు. రెసిన్లని, నూనెలని సరిగా లాగదు. ఎండిన మూలికకి 60 వంతుల గ్లిజరిన్, 40 వంతుల నీళ్లు కలపాలి. గ్లిజరిన్ 55 శాతం లోపుకి దిగితే బూజు పట్టడం మొదలవుతుంది. పచ్చి తులసి 100 గ్రాములకైతే నీళ్లు కలపకుండా 250 మి.లీ. గ్లిజరిన్ పోస్తే ఆకులోని నీటితో కలిసి కూడా పాకం చిక్కగానే ఉంటుంది.

దీనికీ ఒక చీకటి పార్శ్వం ఉంది. చవకైన గ్లిజరిన్‌లో, ప్రొపైలిన్ గ్లైకాల్‌లో డైఇథైలిన్ గ్లైకాల్ కలిసి వస్తుంటుంది. అది కూడా తియ్యగా, చిక్కగా ఉంటుంది, కంటికీ నాలుకకీ తేడా తెలియదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. 1937లో అమెరికాలో వందమందికి పైగా, 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో 14 మంది చనిపోయింది దీనివల్లే. 2022లో గాంబియాలో 60 మందికి పైగా పిల్లల మరణాలు ఈ విషం ఉన్న సిరప్‌లతో ముడిపడ్డాయి. అందుకని డ్రమ్ములోంచి లూజుగా పోసిచ్చే గ్లిజరిన్ నోటికి వెళ్లే దేంట్లోనూ వాడొద్దు. ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) గ్రేడ్, సీల్ ఉన్న ప్యాక్, బ్యాచ్ నంబర్‌తో అనాలిసిస్ సర్టిఫికెట్, అందులో డైఇథైలిన్ గ్లైకాల్, ఇథైలిన్ గ్లైకాల్ ఒక్కొక్కటీ 0.1 శాతం దాటలేదన్న పరీక్ష ఫలితం ఉండాలి. పిల్లల సిరప్ చేసేవాళ్లు సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా సొంతంగా ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.

## నూనె

తలనూనెలు, ఒంటినూనెలు, సబ్బులకి నూనే సరైన సాల్వెంట్. ప్రమాదమంతా తడితోనే. గుంటగలగర పచ్చి ఆకు నూరి కొబ్బరినూనెలో వేసి సన్నసెగ మీద కాస్తే, బుడగలు ఆగి ఆకు కరకరలాడాలి. పాతకాలపు పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది: వత్తిని నూనెలో ముంచి వెలిగిస్తే చిటపటమంటే ఇంకా తేమ ఉన్నట్టే.

తినే నూనెలో పచ్చి వెల్లుల్లి, పచ్చిమిర్చి, పచ్చి ఆకులు వేసి బయట ఉంచొద్దు. గాలి తగలని ఆ నూనె అడుగున బొటులిజం బ్యాక్టీరియా పెరగడానికి అనువైన చోటు దొరుకుతుంది. రంగు, రుచి, వాసన ఏవీ మారవు. అలాంటిది ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతే.

## ఐసోప్రొపైల్, అసిటోన్, ఇథైల్ ఎసిటేట్

ఐసోప్రొపైల్ పైపూతకి సరే, లోపలికి తాగే టింక్చర్‌కి కాదు. ఒంట్లో అది అసిటోన్‌గా మారుతుంది, మత్తు ఇథనాల్ కన్నా గట్టిగా ఎక్కుతుంది. మూడో తరగతిలో ఉంది కదా అని తాగొచ్చనుకోకూడదు. ఆ తరగతి ఆవిరి చేశాక మిగిలే జాడల గురించి మాట్లాడుతుంది, గ్లాసుతో తాగడం గురించి కాదు.

అసిటోన్, ఇథైల్ ఎసిటేట్ పసుపులో కర్కుమిన్‌నీ, మిర్చిలో ఘాటునీ బాగా లాగుతాయి. రెండింట్లో ఏది అంటే, చిన్న యూనిట్‌కి ఇథైల్ ఎసిటేట్ వైపే మొగ్గు. 77 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి కండెన్సర్‌లో (ఆవిరిని చల్లబరిచి మళ్లీ ద్రవం చేసే భాగంలో) మామూలు నీళ్లతోనే బాగా తిరిగొస్తుంది. 56 డిగ్రీల అసిటోన్ మన వేసవిలో, ట్యాంకు నీళ్లే వేడిగా ఉన్నప్పుడు, కండెన్సర్ దాటి గదిలోకి జారుకుంటుంది. ఇథైల్ ఎసిటేట్‌కి ఉన్న లోపం, తడి మూలికతో చాలాసేపు వేడిలో ఉంటే విరిగి ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. రికవరీ డ్రమ్ములో, అంటే తిరిగి పట్టిన సాల్వెంట్ ఉన్న డ్రమ్ములో, వెనిగర్ వాసన వస్తే అదే. మూలికని ముందే బాగా ఎండబెట్టాలి. రెండూ చాలా రకాల రబ్బరు వాషర్లని, ప్లాస్టిక్‌ని తినేస్తాయి. ఆ కరిగిన ప్లాస్టిక్ మళ్లీ సారంలోకే చేరుతుంది. గాజు, స్టెయిన్‌లెస్ స్టీల్, టెఫ్లాన్ వాషర్లు వాడాలి.

## మిథనాల్, హెక్సేన్

మిథనాల్ ఒంట్లో ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. 10 మి.లీ. చూపు పోగొట్టగలదు, 30 మి.లీ. ప్రాణం తీయగలదు. చర్మం గుండా, ఊపిరి గుండా కూడా లోపలికి వెళ్తుంది. తాగిన మొదటి కొన్ని గంటలు మామూలు మత్తులాగే ఉండి, ఆ తర్వాత కళ్లు మసకబారతాయి. ఆ విరామాన్ని నమ్మి ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ల్యాబ్‌లో విద్యార్థికి మిథనాల్ అవసరమే, ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో వాడాలి. ఆ సారం రుచి మాత్రం ఎప్పుడూ చూడకూడదు. తినే సరుకు చేసే చిన్న యూనిట్‌కి మిథనాల్ అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. నీళ్లు కలిపిన ఇథనాల్ ఆ పని చేస్తుంది.

హెక్సేన్ కొవ్వుని, రంగుని, నూనెని లాగుతుంది, కర్కుమిన్‌ని పెద్దగా తాకదు. పెద్ద ప్లాంట్లలో సరైన రికవరీతో వాడతారు. మూసిన షెడ్డులో రోజూ పీల్చేవాళ్లకి ఇది ఒంట్లో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి కాళ్లూ చేతుల నరాల్ని దెబ్బతీస్తుంది. మొదట అరికాళ్లలో తిమ్మిరి, తర్వాత పట్టు తప్పడం. అక్కడ పనిచేసేవాళ్లు "కాళ్లు మొద్దుబారుతున్నాయి" అంటే షుగర్ పరీక్షతో ఆపకుండా హెక్సేన్‌ని అనుమానించాలి. ప్లాస్టిక్ క్యాన్‌లోకి వంపేటప్పుడు పుట్టే స్టాటిక్ విద్యుత్తే దీన్ని అంటించగలదు. లోహపు పాత్రలు, రెండింటినీ కలిపే ఎర్త్ వైరు, నూలు బట్టలు తప్పనిసరి. మంటల మీద నీళ్లు చల్లితే హెక్సేన్ నీటిపై తేలి మంటని పరుస్తుంది. డ్రై పౌడర్ సిలిండర్ చేతికందేలా ఉండాలి.

పిప్పి సంగతి చాలామంది మరిచిపోతారు. పిండకుండా వదిలేస్తే అది తన బరువంత సాల్వెంట్‌ని పట్టుకునే ఉంటుంది. పెరట్లో కుప్ప పోస్తే అది మంటకి సిద్ధంగా ఉన్న కుప్ప. పశువుల దాణాకో ఎరువు గుంతకో వేసే ముందు ఆవిరి పట్టి సాల్వెంట్ తీసేయాలి.

## డైక్లోరోమీథేన్, క్లోరోఫాం, కార్బన్ డయాక్సైడ్

మొదటి రెండూ అంటుకోవని కొందరు క్షేమం అనుకుంటారు. డైక్లోరోమీథేన్ ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. 2024లో అమెరికా దాని వాడకాల్లో చాలావాటిని నిషేధించింది. క్లోరోఫాం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వద్దు.

సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల వేడి, 74 బార్ ఒత్తిడి దాటాక ద్రవంలా లాగి, చివర్లో వాయువై పోతుంది, సరుకులో ఏమీ మిగలదు. అల్లం, మిర్చి, మిరియాల నూనెలకి చాలా బాగుంటుంది. కొవ్వులో కరిగే పురుగుమందులనీ అది అంతే శ్రద్ధగా లాగుతుంది కాబట్టి సాల్వెంట్ మిగలలేదు అన్న లేబుల్‌తో పాటు పురుగుమందుల రిపోర్ట్ కూడా అడగాలి. యంత్రం కొనడం చిన్న యూనిట్ శక్తికి మించింది. జాబ్ వర్క్‌కి ఇవ్వడం, అంటే యంత్రం ఉన్నవాళ్లకి డబ్బిచ్చి తీయించుకోవడం నయం.

## ఎవరికి ఏది

ఇంట్లో చేసుకునేవాళ్లకి: కషాయం, నూనె, లేదా దుకాణపు వోడ్కాతో టింక్చర్. పిల్లలకైతే ఐపీ గ్లిజరిన్. వీటిలో దిగని మూలిక ఉంటే ఇంట్లో ప్రయత్నించకండి, తయారైన ఎక్స్‌ట్రాక్ట్ కొనుక్కోండి.

తలనూనెలు, సబ్బులు చేసే మహిళా సంఘాలకి: నూనె, గ్లిజరిన్. తక్కువ ధర చూసి అసిటోన్ వైపు వెళ్లొద్దు. ఒకే గదిలో పదిమంది కూర్చుని ప్యాకింగ్ చేసే చోట అది పెట్టకూడదు.

లైసెన్స్ ఉన్న చిన్న యూనిట్‌కి: నీళ్లు కలిపిన ఇథనాల్, అది కుదరకపోతే ఇథైల్ ఎసిటేట్. చిక్కటి ముద్ద పైన పొర కడితే లోపల సాల్వెంట్ చిక్కుకుపోతుంది. ఎంతసేపు ఉంచినా బయటికి రాదు. ట్రేలో పల్చగా పరిచి 50 నుంచి 60 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టాలి. ఇథనాల్ మొండికేస్తే కొంచెం నీళ్లు కలిపి మళ్లీ లాగితే ఆ నీటితో పాటు అది కూడా వచ్చేస్తుంది.

ఎక్స్‌ట్రాక్ట్ కొని క్యాప్సూళ్లు నింపేవాళ్లకి: పీపీఎమ్ అంకెతో పాటు మోతాదు లెక్క వేయండి. 3000 పీపీఎమ్ మిథనాల్ ఉన్న ఎక్స్‌ట్రాక్ట్ రోజుకి ఒక గ్రాము వేసుకుంటే 3 మి.గ్రా., 30 మి.గ్రా. హద్దుకి చాలా దిగువ. అదే పొడిని పది గ్రాముల చూర్ణంగా ఇస్తే సరిగ్గా హద్దు మీద ఉన్నారు. రిపోర్ట్‌లో "కంప్లైస్" అన్న మాట కాకుండా అంకె అడగండి. ఇథనాల్ వాడామని చెప్పినా మిథనాల్, హెక్సేన్ పరీక్ష కూడా రాయించండి, ల్యాబ్ మీరు అడిగినదే కొలుస్తుంది. నమూనాని జిప్ కవర్‌లో పంపొద్దు. దారిలోనే సాల్వెంట్ ఆరిపోయి రిపోర్ట్ అబద్ధంగా బాగుంటుంది. చిన్న గాజు సీసా అంచు దాకా నింపి, బిగుతు మూత పెట్టి, చల్లగా పంపండి.